చాలహో అనని నత్త

అనగనగా ఒక అడవిలో ఒక గుట్ట. గుట్ట మీద ఒక ఊట. ఊట నీళ్ళు కిందికి దిగడానికి ఒక సన్నటి కాలువ. ఆ కాలువ చివర ఒక మడుగు. ఏం పిల్లలూ, ఊఁ కొడుతున్నారా? ఊఁ కొట్టకపోతే కథ ఇక్కడే ఆగిపోతుంది. నీళ్ళూ ఇక్కడే ఆగిపోతాయి. ఆ తరవాత నన్ననొద్దు.

ఆ మడుగంటే అడవికి ప్రాణం. జింకలు అక్కడే తాగాలి. నెమళ్ళు అక్కడే తాగాలి. కొమ్ములు తిరిగిన అడవిదున్న కూడా తల వంచి అక్కడే తాగాలి. ఎండాకాలం వస్తే చుట్టుపక్కల వాగులన్నీ ఎండిపోయేవి. ఈ మడుగు ఒక్కటే నిండుగా ఉండేది. ఎందుకంటే ఆ కాలువ ఎప్పుడూ ఆగేది కాదు. అందరూ పడుకున్నా అది పడుకునేది కాదు.

మరి మట్టి కాలువ గండి పడకుండా అన్నేళ్ళు ఎలా నిలిచింది? కాలువ గోడల్ని నత్తలు చూసుకునేవి. పై నుంచి కింది దాకా నత్తలే. ఒక్కొక్కరికి కాస్త కాస్త గోడ. పొద్దస్తమానం ఆ గోడ మీద పాకుతూ, తమ ఒంటి జిగురుతో దాన్ని అలుకుతూ ఉండేవారు. ఆ పూత వల్ల గోడ నున్నగా, తళతళలాడుతూ ఉండేది. నీళ్ళు జర్రున జారిపోయేవి. చెత్తా చెదారం ఏదొచ్చినా గోడకి అంటుకోకుండా కొట్టుకుపోయేది.

ఆ కాలువ ఒకచోట ఒక బండరాయిని తప్పించుకుని గిర్రున మలుపు తిరుగుతుంది. అక్కడ నీళ్ళు సుడి తిరిగి గోడని కొడతాయి. కష్టమైన చోటు. ఆ మలుపు గోడ చూసుకునే నత్త పేరు మెత్తమ్మ. పేరుకే మెత్తమ్మ, పనిలో మాత్రం మహా గట్టిది. "ఈ మలుపు నిలబెట్టడం నావల్లే అవుతుంది, ఇంకెవరివల్లా కాదు" అని తల ఎత్తి చెప్పుకునేది. చెప్పుకోవచ్చు, తప్పేం లేదు, నిజమే కదా!

కానీ మెత్తమ్మకి లోపల ఒక భయం ఉండేది. తన పిల్లలు మడుగులో ఉన్నారు. తూర్పు మూల, లోతు లేనిచోట, తామరాకుల కింద వాళ్ళ కాపురం. నీళ్ళు తగ్గితే ముందు ఎండేది ఆ మూలే. "నా గోడకి ఏమన్నా అయితే నా పిల్లలు ఏమైపోతారు?" ఈ మాట అనుకోకుండా ఆవిడకి ఒక్క పూట గడిచేది కాదు.

ఇక కాలువకి కాపలా కాసేది ఎండ్రకాయలు. వాళ్ళు ఒకచోట ఉండే రకం కాదు. నీళ్ళతో కిందికి కొట్టుకుపోతారు, గట్టెక్కి పైకి నడుస్తారు, మళ్ళీ నీళ్ళలోకి దిగుతారు. అలా కాలువంతా గస్తీ తిరుగుతారు. వాళ్ళ పెద్ద పటకారయ్య. ఎర్రటి ఒళ్ళు, పటకారంత చెయ్యి, చేతికి తగ్గ కోపం. ముందు కోపం పుట్టి, ఆ తరవాత పటకారయ్య పుట్టాడని కాలువలో చెప్పుకునేవారు.

ఇంకా బంకపురుగులని ఉండేవి. నూకంత ప్రాణులు. గోడ ఎక్కడన్నా చిరిగితే చాలు, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని, ఒంటి బంకతో ఆ చిరుగుని మూసేసేవి. వాటికి వచ్చిన పని అదొక్కటే. ఎక్కడ మూయాలి, ఎంత మూయాలి అన్న ఆలోచన వాటికి లేదు.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. కాలువకి ఒక కట్టుబాటు ఉంది.

గోడకి దెబ్బ తగిలితే ఆ గోడ నత్త ముందు జిగురు అలకడం ఆపెయ్యాలి. అప్పుడు గోడ గరుకెక్కుతుంది. తరవాత "రండహో!" అని కేక వెయ్యాలి. కొట్టుకుపోతున్న ఎండ్రకాయలు ఆ గరుకుని పట్టుకుని ఆగుతారు. నున్నటి గోడైతే కాలు నిలవదు కదా మరి! ఆగినవాళ్ళు గోడలోకి దూరి, అక్కడున్న కుళ్ళునీ పురుగునీ తినేస్తారు. పని అయిందని చూసుకుని నత్త "చాలహో!" అని కేక వెయ్యాలి. మళ్ళీ జిగురు అలకాలి. ఆ కేక వినగానే ఎండ్రకాయలు మారు మాట్లాడకుండా వెళ్ళిపోతారు.

వినపడకపోతే? కదలరు. పిడుగు పడ్డా కదలరు. "పిలిచినవాళ్ళే పంపాలి" అన్నది వాళ్ళ తాతల నాటి మాట.

ఒకసారి ఏమైందంటే, ఎక్కడినుంచో ఒక ముళ్ళపంది ముల్లు కొట్టుకొచ్చి మలుపు గోడలో కసుక్కున దిగింది. మెత్తమ్మ బెదరలేదు. జిగురు ఆపింది. "రండహో!" అని అరిచింది. బంకపురుగులు వచ్చి చిరుగు మూశాయి. పటకారయ్య తన వాళ్ళతో దిగాడు. ముల్లు చుట్టూ పట్టిన చీమునంతా తినేసి, ముల్లుని ఊడబెరికి నీళ్ళలోకి గిరాటేశాడు. మెత్తమ్మ గోడని తడిమి చూసుకుంది. "చాలహో!" అంది.

"వస్తామమ్మాయ్" అన్నాడు పటకారయ్య.

"వెళ్ళిరండి బాబాయ్" అంది మెత్తమ్మ. సాయంత్రానికల్లా గోడ మళ్ళీ అద్దంలా అయింది. చూశారా, పని అంటే అలా ఉండాలి.

ఇలా ఉండగా, గుట్ట మీదికి ఒక ఎలుగుబంటి కాపురానికి వచ్చింది. పేరు బొద్దయ్య. ఊట పక్కనే ఇప్పచెట్ల తోపు. ఇంకేం, బొద్దయ్యకి పండగే! పూల రోజుల్లో పూలు తిన్నాడు. కాయలు కాశాక ఇప్పగింజలు పట్టాడు. పరపరా నమిలి, నూనె మింగి, పిప్పి తీసుకెళ్ళి కాలువలో ఉమ్మేవాడు. జిడ్డోడుతున్న చేతులు కాలువలో కడిగేవాడు. కడిగి "ఆహా!" అనుకుంటూ నీడకి పోయి పడుకునేవాడు. రోజూ ఇదే తంతు.

ఆ జిడ్డు నీళ్ళ మీద తేలుతూ వచ్చేది. తిన్నటి గోడల దగ్గర ఆగకుండా పోయేది. మలుపు దగ్గర మాత్రం సుడిలో పడి గిరగిరా తిరిగి, మెత్తమ్మ గోడకి అంటుకునేది. అంటుకుని మెల్లగా పూత కిందికి ఇంకేది. లోపల మాగి ముక్కిపోయేది. గోడ మండడం మొదలుపెట్టింది. మెత్తమ్మ ఎంత అలికినా లోపలి మంట తగ్గలేదు.

"ఇదేం ఖర్మరా దేవుడా! ముల్లు కాదు, పురుగు కాదు. ఏమిటిది?" అనుకుంది. జిగురు ఆపింది. "రండహో!" అని అరిచింది.

ఎండ్రకాయలు వచ్చారు. పటకారయ్య చెయ్యి ఝళిపించాడు. "ఎవడమ్మా వాడు? ఎక్కడున్నాడు?"

"ఎవడూ లేడు బాబాయ్. జిడ్డు."

"జిడ్డా?" పటకారయ్య ముఖం చిట్లించాడు. "సరే, జిడ్డైతే జిడ్డే. తినండర్రా!"

గోడలోకి దూరి తిన్నారు. సాయంత్రానికి జిడ్డు చాలావరకు అయిపోయింది. పటకారయ్య బయటికి వచ్చి, మూతి తుడుచుకుని, "ఇవాళ్టికి అయినట్టేనమ్మా. పంపుతావా?" అని అడిగాడు.

మెత్తమ్మ నోటి చివర దాకా వచ్చింది, "చాలహో" అన్న మాట. అంతలో పిల్లలు గుర్తొచ్చారు. రేపు మళ్ళీ జిడ్డు వస్తే? వీళ్ళు ఎక్కడో దూరంగా ఉంటే? గోడ చీలితే? తూర్పు మూల ఎండితే?

"ఈ ఒక్కరోజూ ఉండండి బాబాయ్" అంది.

ఒక్కరోజు అన్న మాట ఎప్పుడన్నా ఒక్కరోజుతో ఆగిందా? మర్నాడు మళ్ళీ జిడ్డు వచ్చింది. వాళ్ళు మళ్ళీ తిన్నారు. ఆ మర్నాడూ అంతే. తిని తిని ఎండ్రకాయల పొట్టలు ఉబ్బాయి. ఉబ్బినవాళ్ళు వచ్చిన కన్నంలోంచి బయటికి పట్టలేదు. గోడలోనే ఇరుక్కుపోయారు. ఇరుక్కున్నవాడు ఊరుకుంటాడా? "రండహో! రండహో!" అని వాడూ అరవడం మొదలుపెట్టాడు. ఆ కేక విని ఇంకొంతమంది వచ్చారు. వాళ్ళూ తిన్నారు, ఉబ్బారు, ఇరుక్కున్నారు, అరిచారు. పిలిచినవాళ్ళని మళ్ళీ పిలిచినవాళ్ళు, ఇదంతా ఒక జాతర అయి కూర్చుంది.

మెత్తమ్మకి మాత్రం కొండంత ధైర్యం వచ్చింది. గోడ నిండా కాపలాదార్లు! గోడ కూడా ఇదివరకటిలా లేదు. ఉబ్బి, లావెక్కి, కాలువలోకి ముందుకొచ్చింది. చూస్తే ఇది కదా గోడంటే అనిపించేది. గరుకుగానే ఉంచాలి కనుక అలికే పని కూడా లేదు.

కొన్నాళ్ళకి కింది నుంచి బురదమ్మ వచ్చింది. బురదమ్మ ఎవరంటే, మడుగులో ఉండే కప్ప. మెత్తమ్మ పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేది. వరసకి వదిన కాకపోయినా వదినా అని పిలిచేది. నోరు మాత్రం ఊరుకోదు.

"వదినా, నీళ్ళు కాస్త తగ్గాయి. తామరాకులు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి" అంది.

"ఎండలు కదా వదినా, తగ్గవూ? నా గోడ చూశావా ఎంత బలపడిందో!"

బురదమ్మ కళ్ళు ఇంత చేసుకుని చూసింది. "బలమేనా ఇది? వాపు చూసి బలుపనుకుంటున్నావేమో, చూసుకో."

"నీకన్నీ వెటకారాలే" అంది మెత్తమ్మ. బురదమ్మ గెంతుకుంటూ వెళ్ళిపోయింది.

మళ్ళీ కొన్నాళ్ళకి వచ్చింది. ఈసారి వెటకారం లేదు.

"వదినా, ఇది ఎండల సంగతి కాదు. పొద్దున ఒకరో ఇద్దరో తాగితే ఏం తెలియడం లేదు. సాయంత్రం మంద దిగిందంటే చాలు, మడుగు అడుగు కనిపిస్తోంది. మంద వెళ్ళి పడుకున్నాక మెల్లగా నిండుతోంది. మళ్ళీ మంద రాగానే అదే వరస. నిన్న జింకపిల్ల ఒకటి తాగకుండానే వెనక్కిపోయింది. మడుగుకి ఆయాసం వస్తోందమ్మా!"

మెత్తమ్మ తల ముందుకి చాపింది. "నా పిల్లలు?"

"ఇంకా తడిలోనే ఉన్నారు. ఎన్నాళ్ళుంటారో చెప్పలేను. కాలువ ఇక్కడే సన్నబడిందేమో చూడు."

మెత్తమ్మ చూసింది. అవతలి గోడకీ తన గోడకీ మధ్య ఇదివరకు ఎండ్రకాయ కాళ్ళు బారజాపుకుని వెళ్ళేది. ఇప్పుడు పక్కకి తిరిగి ఒళ్ళు ఒదిగించుకుని వెళ్తోంది. ఆవిడ మెల్లగా అడిగింది. "బాబాయ్, అందరూ ఉండాల్సిన అవసరం ఉందంటారా?"

పటకారయ్య ఉబ్బిన ముఖంతో గోడలోంచి తొంగిచూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అవసరమా? పిలిచింది ఎవరు? మేం పోతే రేపొచ్చే జిడ్డు ఎవరు తింటారు? నువ్వు తింటావా?" అని కసిరాడు. అంటూనే కోపంగా చెయ్యి విసిరాడు. ఆ చెయ్యి మెత్తమ్మ గోడకే తగిలింది. గోడ లోపలి నుంచి మట్టి పెళ్ళ ఊడింది. ఈ మధ్య ఇలాగే అవుతోంది. లోపల ఇరుకు. ఇరుకులో చికాకు. చికాకులో ఎవరు చెయ్యి విసిరినా తగిలేది గోడకే.

అప్పుడైనా "చాలహో" అనాలి కదా? అనలేదు. పంపాక ఏదన్నా అయితే తప్పు తనదే అవుతుందని భయం. ఉంచితే ఆ తప్పు ఎవరికీ కనిపించదు. అందుకని నోరు మూసుకుంది.

కట్టుబాటు తెలియక కాదు సుమా. నిన్నటి దాకా ఆ మలుపంతా నేనే అని తల ఎత్తిన మెత్తమ్మ, ఇప్పుడు తన గోడలో తానే పరాయిదానిలా గుల్లలో ముడుచుకుని కూర్చుంది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం. ఎండ చండ్రనిప్పులు కురిపిస్తోంది. కింద మంద అంతా ఒక్కసారి మడుగులోకి దిగింది. పైన బొద్దయ్య కడుపారా తిని చేతులు కడిగాడు. జిడ్డు తెట్టలు తెట్టలుగా వచ్చింది. గోడలో ఉబ్బిన ఎండ్రకాయలు కసాబిసా కదిలారు. లోపలి నుంచి గీకి గీకి గోడ పైపొర అప్పటికే ఉల్లిపొరలా పలచబడి ఉంది. అది టప్పున పగిలింది.

లోపలి జిడ్డు, ముక్కిన మట్టి, చచ్చిన ఎండ్రకాయల డొల్లలు, అన్నీ భళ్ళున కాలువలోకి వచ్చి పడ్డాయి.

బంకపురుగులు చూశాయి. గోడ చిరిగింది! ఇంకేముంది, ఎక్కడెక్కడివో పరుగెత్తుకొచ్చాయి. చేతులు పట్టుకున్నాయి. అల్లుకున్నాయి. చిరుగు మూశాయి, అక్కడితో ఆగలేదు. జిడ్డు కనిపించిన చోటల్లా అల్లుకున్నాయి. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అల్లుకున్నాయి. కాలువకి అడ్డంగా బంక బిరడా బిగిసింది. పారే నీళ్ళు ధార అయ్యాయి. ధార చుక్కలైంది.

అడవి పుట్టినప్పటి నుంచి ఆగని కాలువ, మెత్తమ్మ మలుపులో ఆగింది.

కాసేపటికి బురదమ్మ రొప్పుకుంటూ గట్టు మీద ప్రత్యక్షమైంది. "వదినా! తూర్పు మూల ఎండిపోయింది. నీ పిల్లలు మూతలు బిగించుకుని బురదలో పడున్నారు. పిలిస్తే పలకడం లేదు. ఆ తడి ఆరేలోగా నీళ్ళు రాకపోతే..." అని ఆగిపోయింది.

మెత్తమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. కాళ్ళూ చేతులూ లేవుగా అంటారా? సరే, ఒళ్ళు ఆడలేదు. చాలా?

"పిలువమ్మాయ్!" అని అరిచాడు పటకారయ్య పగిలిన గోడలోంచి. "రండహో అను! ఇంకొంతమందిని పిలువు! పై కాలువలో మనవాళ్ళు వందమంది ఉన్నారు!"

మెత్తమ్మ నోరు తెరిచింది. భయం వేసినప్పుడల్లా ఆ మాటే అలవాటు. అదే వచ్చేది కూడా. కానీ ఎదురుగా గోడ కనిపించింది. మొదటి రోజు పిలిస్తే వాచిన చోటు అదిగో. ఇరుక్కున్నవాళ్ళు పిలిస్తే ఇంకా వాచిన చోటు అదిగో. ఎవరో శత్రువు వచ్చి కాలువని మూయలేదు. తన గోడే మూసింది. తను పిలిచినవాళ్ళే మూశారు. తను పంపకపోవడం వల్ల మూశారు.

"నా పిల్లల గొంతు నా గోడతోనే నొక్కానా!" అని ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే గుల్లలోంచి ఒళ్ళంతా బయటికి తీసింది. గుట్ట మీది ఊట దాకా, కింది మడుగు దాకా వినపడేలా కేక వేసింది.

"చాలహో!"

కాలువలో ఎన్నాళ్ళుగానో ఆ మాట వినపడలేదు. అరుస్తున్న ఎండ్రకాయలు అరుపు ఆపేశారు.

"చాలహో! చాలహో!" అంటూ మెత్తమ్మ పగిలిన గోడ మీదికి పాకింది. గరుకు గోడకి ఒళ్ళు కోసుకుపోయింది, అయినా ఆగలేదు. ఒంట్లో ఉన్న జిగురంతా తోడి అలకడం మొదలుపెట్టింది. అటూ ఇటూ ఉన్న పొరుగు నత్తలు చూశారు. "అయ్యో, ఒక్కతే చేస్తోంది" అని వాళ్ళూ పాకి వచ్చి అలికారు. గోడ తడితడిగా నున్నబడింది. నున్నబడేసరికి బంకపురుగులకి పట్టు జారింది. ఒకదాని చెయ్యి ఒకటి వదిలింది. బిరడా అంచులో సూదంత సందు పడింది. సందులోంచి నీళ్ళు చిమ్మాయి. ఆ నీళ్ళ తోపుడుకి సందు పెద్దదైంది. కొంచెం కొంచెంగా బిరడా అంతా కరిగి కొట్టుకుపోయింది.

పటకారయ్య మెల్లగా బయటికి వచ్చాడు. తిడతాడేమో అనుకుంది మెత్తమ్మ. ఆయన చెయ్యి ముడుచుకుని, అలసిపోయిన గొంతుతో అన్నాడు. "పైకి కసిరినా, లోపల ఎప్పుడంటావా ఎప్పుడంటావా అని చూస్తున్నానమ్మా. నా కుర్రాళ్ళు లోపల చచ్చిపోతున్నారు. కానీ పిలిచినవాళ్ళే పంపాలి కదా. నువ్వు అనకుండా మేం ఎలా పోతాం?"

ఆ మాటకి మెత్తమ్మకి దుఃఖం ఆగలేదు. "తప్పు నాది బాబాయ్. మీరు ఉంటే ధైర్యమనుకున్నాను. ఎక్కువసేపు ఉంచడం కూడా ముల్లేనని తెలుసుకోలేదు."

"సరేలే, ఏడవకు. కోపంతో చేసే పని అయిపోయింది. ఇప్పుడు శుభ్రం చేసే పని ఉంది" అన్నాడాయన. కొత్త ఎండ్రకాయల్ని నలుగుర్ని తీసుకుని, చేతులు ముడుచుకునే లోపలికి వెళ్ళాడు. ఈసారి పోట్లాట లేదు, అరుపులు లేవు. ఇరుక్కున్నవాళ్ళని ఒక్కొక్కర్నీ మెల్లగా బయటికి లాగారు. చచ్చిన డొల్లల్ని మోసుకుపోయారు. ముక్కిన మట్టిని కొంచెం కొంచెంగా ఎత్తి పోశారు. ఎండ్రకాయలకి పటకారు ఎంత వచ్చో, చీపురు కూడా అంతే వచ్చు. ఆ రెండో పని మొదలవ్వాలంటే ముందు "చాలహో" అని ఎవరన్నా అనాలి, అంతే.

సాయంత్రం బురదమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి దూరం నుంచే అరుస్తూ వచ్చింది. "మూతలు తీశారు వదినా! మూతలు తీశారు! ముందు పెద్దది తీసింది, తరవాత అందరూ తీశారు! అమ్మ ఏదని అడుగుతున్నారు!"

మెత్తమ్మ నవ్విందో ఏడ్చిందో ఆవిడకే తెలియలేదు.

అయితే ఒక్క మాట దాచకుండా చెప్పాలి. తూర్పు మూలలో తామరలు కొన్ని మళ్ళీ లేవలేదు. ఎండిన చోటు ఎండినట్టే గట్టిపడింది. కాలువ కాసేపు ఆగినా మడుగుకి ఆ మచ్చ ఉండిపోతుంది. పిల్లలు పక్క తామరల కిందికి మారారు.

ఇక మిగిలింది బొద్దయ్య. జిడ్డు వచ్చేది అతని చేతుల నుంచేనని పై గోడల నత్తలు చెప్పారు. పొరుగు నత్తలకి గోడ అప్పజెప్పి, మెత్తమ్మ బురదమ్మ వీపెక్కింది. కప్ప మీద నత్త గుట్టెక్కడం చూసి దారి పొడుగునా పిట్టలు నవ్వాయి. నవ్వితే నవ్వనీ అనుకున్నారు వాళ్ళిద్దరూ.

బొద్దయ్య అప్పుడే గింజలు నమిలి, కాలువలో చేతులు పెట్టబోతున్నాడు.

"ఆగు బొద్దన్నా!" అంది మెత్తమ్మ. "నీ చేతి జిడ్డు చేరి నా గోడ వాస్తోంది. ఆ వాపుకి నిన్న కాలువే ఆగిపోయింది."

బొద్దయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "నేను ఇక్కడ చెయ్యి కడిగితే ఎక్కడో నీ గోడ వాచిందా? నేనేమన్నా నీ గోడని కొట్టానా, గీకానా?"

"కొట్టినవాడైతే ఒక్కసారి పిలిచి తరిమేసేదాన్ని. ముల్లు ఒక్కసారే గుచ్చుతుంది, దాని పని చెప్పడం మాకు తెలుసు. నీ జిడ్డు రోజూ గుచ్చుతుంది. రోజూ వచ్చేదాన్ని ఏ కాపలా తట్టుకుంటుంది అన్నా? నిన్న మధ్యాహ్నం మడుగుకి వెళ్ళావా?"

బొద్దయ్య నవ్వు ఆగింది. "వెళ్ళాను. బురదే ఉంది. ఒళ్ళు తడుపుకుందామంటే కుదరక వచ్చేశాను."

"ఆ బురద నువ్వు పంపిందే" అంది బురదమ్మ ఊరుకోకుండా. "కొరివితో తల గోక్కోవడమంటే ఇదే."

బొద్దయ్య తన జిడ్డు చేతుల వంక చూసుకున్నాడు. "గింజలు మానలేను చెల్లీ, నిజం చెబుతున్నా" అన్నాడు.

"పూర్తిగా మానమన్నది ఎవరు? తగ్గించు. చేతులు ఇసకతో రుద్దుకో. పిప్పి చెట్టు మొదట్లో పడెయ్, ఎరువవుతుంది."

ఆ రోజు నుంచి బొద్దయ్య అలాగే చేశాడు. అప్పుడప్పుడు మరిచిపోయేవాడనుకోండి. ఎలుగుబంటి కదా! అలాంటి రోజున కాస్త జిడ్డు వచ్చేది. మెత్తమ్మ భయపడేది కాదు. "రండహో" అనేది. ఎండ్రకాయలు వచ్చి తినేవాళ్ళు. గోడ తడిమి చూసుకుని, "చాలహో" అనేది. వాళ్ళు వెళ్ళేవాళ్ళు. ఆవిడ అలికేది. మలుపు దగ్గర చిన్న బొడిపె ఒకటి మిగిలిపోయింది గానీ, దాని మీద పూత గట్టిగా పట్టింది. పక్కనుంచి నీళ్ళు హాయిగా పోయేవి. ఈసారి మెత్తమ్మ తల ఎత్తి చెప్పుకునే మాట మారింది. "పిలవడమూ నాకు తెలుసు, పంపడమూ నాకు తెలుసు" అనేది.

ఏదీ, మీ చెయ్యి ఒకసారి గుండె మీద పెట్టుకోండి. తెలుస్తోందా? అదే మడుగు. దానికి నెత్తురు తెచ్చే నాళాలే కాలువలు. ఆ నాళాల లోపలి పొరలో, ఒక్కొక్కటి తన కాస్త చోటుని నున్నగా ఉంచుతూ, కంటికి కనబడనంత చిన్న మెత్తమ్మలు ఉన్నారు. దెబ్బ తగిలినచోట నెత్తురు గడ్డకట్టించే చిన్న కణాలే బంకపురుగులు. నెత్తురులో గస్తీ తిరిగే తెల్ల కణాలే మన పటకారయ్యలు. వాళ్ళు మనవాళ్ళే, మన మేలు కోరేవాళ్ళే. రోజూ జిడ్డు పంపి, రోజూ వాళ్ళకి కోపం తెప్పించి, తిరిగి పంపకుండా ఉంచేస్తే మాత్రం మన గోడే వాస్తుంది. అందుకని, ఆ పళ్ళెంలో నాలుగో గారె ఎవరు తీసుకున్నారో వాళ్ళు మర్యాదగా అక్కడ పెట్టేసి, లేచి వీధి చివరి దాకా పరుగెత్తి రండి. కాలువలో నీళ్ళు పారనివ్వండి.

నీతి: ఆపదలో కాపలాను పిలవడం ఎంత అవసరమో, పని అయ్యాక చాలని పంపడం అంతే అవసరం, వాపుని బలుపనుకుంటే మనల్ని కాచే గోడే మన గొంతు నొక్కుతుంది.